గోడకెక్కిన సన్నాయి

రాజమండ్రి,
14-6-1999

ప్రియమైన పల్లంరాజుకి,

జానకిరామ్ గాడికి ఉత్తరం రాయడం వచ్చా అని ఆశ్చర్యపోకు. ఉగాదికి నువ్వు రాసిన కార్డుకి జవాబివ్వలేదని నన్ను నోరారా తిట్టుకునుంటావు. తిట్టుకో, పడతాను. ఇప్పుడు నాకు నీతో పనిపడింది మరి.

ఇక్కడ గోదావరి గట్టు మీద భీమరాజుగారని ఒక పెద్దమనిషి కొత్తగా హోటల్ కడుతున్నారు. బోర్డు రాయడానికి వెళ్ళాను. రాసింది చూసి ముచ్చటపడి, లోపల హాల్లోకి తీసుకెళ్ళి పన్నెండడుగుల ఖాళీ గోడ చూపించారు. "జానకిరామ్‌గారూ, లోపలికి అడుగుపెట్టగానే జనానికి పాతరోజులు గుర్తుకు రావాలండి. పడవలూ కొబ్బరిచెట్లూ బొమ్మలు వేసేస్తే కుదరదు. ఇంకేదైనా ఆలోచించండి" అన్నారు. రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. మూడో రోజు నీ మైకు సెట్టు గుర్తుకొచ్చింది. నీ పాత రికార్డులన్నీ సగానికి కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చితే గోదావరి అలలు. ఆంప్లిఫయర్ మీటర్లూ నాబులూ అవతలి ఒడ్డున దీపాలు. మధ్యలో నీ పెద్ద మైకు గొట్టం, అప్పుడే నీళ్ళలోంచి లేస్తున్న సూర్యుడు. ఎలా ఉంది? భీమరాజుగారైతే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఒరేయ్, పాతికేళ్ళుగా సినిమా హాళ్ళకీ చెప్పుల షాపులకీ బోర్డులు రాశాను. ఎవడో చెప్పిన అక్షరాలు ఎవడో చెప్పిన రంగులో. నాదీ అని చెప్పుకోదగ్గ పని ఇదొక్కటే. క్యాసెట్లు పోయి సీడీలొచ్చిన ఈ రోజుల్లో నీ సెట్టు ఎలకలకి తప్ప ఎవరికీ అక్కర్లేదు కదా. పంపించు.

వీరదుర్గ వదిన మా ఇంట్లోనే ఉంది. కట్టడం పనివాళ్ళకి భోజనాలు ఈ హోటల్ వంటగదిలోనే వండుతున్నారు, అక్కడ చేపలు కోసే పని ఇప్పించాను. మూడేళ్ళయినా ఉప్పాడ మాటెత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది. వెళ్ళినా ఏముంది? చిట్టియ్య ఇంటివాళ్ళూ ఏసురాజు ఇంటివాళ్ళూ "నీ మొగుడు తాగి నావ నడిపి మావాళ్ళని చంపేశాడు" అని రేవులో తట్ట దించనివ్వరాయె. అంతా మా అప్పాజీ అన్నయ్య చేసిపోయిన నిర్వాకం. శవమైనా దొరకలేదు. దొరికినా నేను కొరివి పెట్టేవాణ్ణి కాదనుకో. అంత మండింది నాకు. సరే, ఆ గొడవ వదిలెయ్.

తొందరగా రాయి. సిమెంటు ఆరేలోపు నీ సామాను రావాలి.

నీ తిట్ల కోసం ఎదురుచూసే,
జానకి

*

ఉప్పాడ,
23-6-1999

ప్రియమైన జానకికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. గోదావరిని రికార్డులతో చేస్తావా! వేలికి నీలిరంగు పూసుకుని బడి గోడలన్నీ పాడుచేసి హెడ్మాస్టరు చేత తన్నులు తిన్నవాడివి, నిన్ను పిలిచి గోడ అప్పజెప్పారంటే ఆ భీమరాజుగారికి నీ చరిత్ర తెలీదన్నమాట.

రికార్డులు పంపుతున్నాను. రెండు పెట్టెలు. ఆంప్లిఫయరు, ప్లేయరు, పగిలిన మైకులు, ఇంట్లో ఉన్నవన్నీ మూటకట్టి కాకినాడ మీదుగా రాజమండ్రి వచ్చే చేపల లారీలో వేశాను. కంపు కొడితే నన్ననకు.

గొట్టం మాత్రం అడక్కు. అది పాడైపోయింది, తుప్పు పట్టింది, గోడకి బాగుండదు. రాజమండ్రిలో పాత ఇనుప సామాను కొట్లో ఇంతకంటే మంచివి దొరుకుతాయి.

నేను మైకు పని మానేసి మూడేళ్ళయింది. నీకు చెప్పలేదు కాబోలు. వలలు అల్లుకుంటున్నాను. సముద్రం ఇంకో ముప్పై గజాలు లోపలికి వచ్చింది. మన పాత గుడిసె ఉన్న చోట ఇప్పుడు పీతలు తిరుగుతున్నాయి.

వీరదుర్గమ్మని అడిగానని చెప్పు. ఏమైనా అంటే రాయి.

ఉంటాను మరి,
పల్లంరాజు

*

రాజమండ్రి,
6-7-1999

ఒరేయ్ ప్రియమైన పిసినారీ,

పెట్టెలు అందాయి. కంపు సంగతి నువ్వు ముందే చెప్పినా సరిపోలేదు, మా ఆవిడ నన్ను పెట్టెలతో సహా వీధిలో నిలబెట్టింది.

పని మాత్రం బ్రహ్మాండంగా సాగుతోంది. వేడినీళ్ళ ఆవిరి మీద రికార్డు పట్టుకుంటే అప్పడంలా మెత్తబడుతుంది. అప్పుడు గబుక్కున స్టీలు గిన్నె మీద బోర్లిస్తే అలలా వంగి గట్టిపడుతుంది. చేతులు కాలాయనుకో. అలల అంచులకి కాస్త తెల్లరంగు, అంతే. ఆ గీతలున్నాయే, వెలుతురు పడితే నీళ్ళు కదిలినట్టే ఉంటుంది. నేను చేసిందేనా అని నేనే దూరంగా నిలబడి చూసుకుంటున్నాను, సిగ్గులేకుండా.

ఒక రికార్డు దగ్గర ఆగిపోయాను. మిగతావన్నీ దుమ్ముకొట్టుకుపోయుంటే ఇదొక్కటీ ఉప్పాడ చీర ముక్కలో చుట్టి ఉంది. లేబుల్ మీద ఎర్రరంగుతో అడ్డగీత. కింద నీ కోడిగీతల్లో "రేవుది. బయట వెయ్యరాదు" అని. సన్నాయి రికార్డు. ఏంటిది? రేవుకి రికార్డేంటి? నేను పద్నాలుగేళ్ళకే బోర్డుల పని నేర్చుకోవడానికి కాకినాడ వెళ్ళిపోయాను కదా, మీ తర్వాతి భాగోతాలు నాకు తెలీవు. దాన్ని కొయ్యబుద్ధి కాలేదు.

వదిన ఆ రాత చూళ్ళేదు, చూసినా ఆవిడకి చదవడం రాదు. కానీ ఆ ఎర్రగీత చూడగానే చేతిలో ఉన్న చెంబు దించేసింది. ఆ పూట అన్నం తినలేదు. అన్నయ్య గుర్తొచ్చాడేమో అనుకుని ఊరుకున్నాను.

గొట్టం పంపు. తుప్పుంటేనే బాగుంటుంది. సూర్యుడు లేకుండా గోదావరి ఏంట్రా? కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

నీ,
జానకి

*

ఉప్పాడ,
15-7-1999

ప్రియమైన జానకి,

గొట్టం పంపుతున్నాను. నువ్వడిగావని కాదు. ఇంట్లో ఉంచుకోలేక.

రెండు మాటలు చెప్తాను, విను. దాని మూతి గోడవైపు పెట్టు. జనంవైపు వద్దు. గోదావరివైపు అసలే వద్దు. ఎందుకని అడక్కు.

రెండోది, ఆ సన్నాయి రికార్డు పగలగొట్టి పారెయ్. అదేంటో అడిగావు కాబట్టి చెప్తున్నాను. ముసురు పట్టి ఒడ్డు కనబడనప్పుడు రేవులో గొట్టం ఎత్తుగా కట్టి ఆ రికార్డు వేసేవాణ్ణి. సముద్రంలో ఉన్నవాళ్ళు ఆ సన్నాయి ఎటునుంచి వస్తే అటు నావ తిప్పేవారు. ఒక్కో రేవుకి ఒక్కో రికార్డు. మాది సన్నాయి. అందుకే దాన్ని పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెయ్యకూడదని కట్టుబాటు. పదేళ్ళు వేశాను. ఎన్ని నావలు దానిమీద ఒడ్డుకొచ్చాయో లెక్కలేదు.

ఇప్పుడు దాని పని అయిపోయింది. పగలగొట్టు.

పల్లం

*

రాజమండ్రి,
9-8-1999

ప్రియమైన పల్లంరాజుకి,

గోడ పూర్తయింది. హోటల్ ఇంకా తెరవలేదు గానీ చూసినవాళ్ళందరూ నోళ్ళు తెరుస్తున్నారు. నాకు మాత్రం సంతోషం లేదు.

గొట్టం మూతి గోడవైపు పెడతానంటే భీమరాజుగారు ఒప్పుకోలేదు. "వెనక్కి తిరిగిన సూర్యుణ్ణి ఎక్కడైనా చూశారాండీ?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఎదురుగా గోదావరివైపు తిప్పి బిగించాను. నీ మాట చాదస్తం అనుకున్నాను, క్షమించు.

నాలుగు రోజులనుంచి మధ్యాహ్నం పూట, గట్టువైపు తలుపులు తెరిచి గాలి లోపలికి రాగానే, ఆ గొట్టం మోగుతోంది. గాలి దూరి చేసే చప్పుడేనని అందరికీ చెప్పాను. నేనూ అదే నమ్మాను. కానీ హాలు ఊడ్చే అచ్చాయమ్మ చీపురు పారేసి వంటగదిలోకి పరిగెత్తింది. "గాలి కాదు బాబూ, ఎవరో పిలుస్తున్నారు. నీళ్ళమీంచి పిలిచినట్టుంది. ఎటూ, ఎటూ అంటున్నాడు" అంది. కోప్పడ్డాను. గొట్టంలో పాత గుడ్డలు కుక్కాను. మర్నాడు నేనొక్కణ్ణే ఉండగా మళ్ళీ మోగింది. గుడ్డలు లోపలే ఉన్నాయి. ఒరేయ్ పల్లం, నాకూ అలాగే వినబడింది. హాలు వదిలి గట్టు మీదకి వచ్చేశాను, మిట్టమధ్యాహ్నం.

వదిన హాల్లోంచి రావడం మానేసింది. పెరటి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వంటగదిలోకి పోతోంది.

రికార్డు పగలగొట్టలేదు. భీమరాజుగారి ఎలక్ట్రీషియన్ నీ ప్లేయరు బాగుచేస్తే దానిమీద ఒకసారి వేసి చూశాం. వదిన రెండు చెవులూ మూసుకుని గోడకి ఆనుకుని కూలబడిపోయింది. అడిగితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ ఒకటే ఆలోచన. అన్నయ్య పోయిన రోజు వదిన చెల్లెలు సత్యకుమారి పెళ్ళి. మర్నాటి విందుకి చేపలు తెస్తానని అన్నయ్య ముందురోజే సముద్రం మీదకి వెళ్ళాడు. పొద్దున్నే ముసురు పట్టింది. నావ పగిలింది మన రేవు దగ్గర కాదు, రెండు మైళ్ళ అవతల, ఆ పెళ్ళి జరిగిన పేట ముందు, సముద్రానికి అడ్డుగా పోసిన రాళ్ళమీద. తాగిన మత్తులో పెళ్ళికి తొందరపడి దగ్గరదారని అటు తిప్పాడని అందరం అనుకున్నాం. తెలివున్నవాడెవడూ ఆ రాళ్ళమీదకి నావ తీసుకెళ్ళడు కదా. కానీ రేవులో సన్నాయి మోగుతుంటే, అది విని కూడా అటు ఎందుకు పోతాడు? ఎంత తాగినా చెవులు పనిచేస్తాయి.

ఆ రోజు నువ్వు రికార్డు వేశావా, లేదా? సూటిగా చెప్పు.

జానకిరామ్

*

రాజమండ్రి,
1-9-1999

పల్లం,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి జాబు లేదు. నీ పక్కింటి టెలిఫోన్ బూత్‌కి రెండుసార్లు చేశాను. ఇంట్లో ఉండి కూడా రాలేదట.

మర్చిపోయావా? నిద్రపోయావా? ఏదైనా సరే, తిడతాను, కొడతాను, తర్వాత ఊరుకుంటాను. ఈ మౌనం మాత్రం నావల్ల కాదు. హాల్లోకి అడుగుపెట్టాలంటే భయమేస్తోంది. నా గోడకి నేనే భయపడుతున్నాను. అన్నయ్య నిజంగా తాగాడో లేదో నాకు తెలియాలి. ఆ మాట మోసుకుంటూ వదిన ఊరొదిలేసింది.

రాయి.

జానకి

*

ఉప్పాడ,
8-9-1999

ప్రియమైన జానకిరామ్‌కి,

ఫోన్లో చెప్పలేను. బూత్‌లో పదిమంది వింటారు. అందుకే రాస్తున్నాను. ఐదుసార్లు రాసి చింపేశాను.

అప్పాజీ తాగలేదు. సముద్రం మీదకి వెళ్ళేటప్పుడు వాడు ఏనాడూ తాగలేదు. ఒడ్డున ఎంత తాగినా సరే.

రికార్డు వేశాను. వేసింది రేవులో కాదు, పెళ్ళి పందిట్లో.

సెట్టు పెళ్ళికి మాట్లాడుకున్నారు కదా. తెల్లారేసరికి ఆకాశం శుభ్రంగా ఉంది, సామానంతా బండిలో వేసుకుని ఆ పేటకి వెళ్ళాను. తొమ్మిదింటికి ముసురు దిగింది. అప్పటికి మన రేవులో ఒక్క నావ తప్ప అన్నీ వచ్చేశాయి. ఆ ఒక్కటీ మీ అన్నది. ముహూర్తం పదకొండుంపావుకి. మేళగాళ్ళ వ్యాను దారిలో బురదలో దిగబడిందని కబురొచ్చింది. మేళం లేకుండా తాళి ఎలా కడతారు? పెళ్ళికూతురి తండ్రి వచ్చి, ఏదైనా సన్నాయి రికార్డు వెయ్యమన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. నా దగ్గరున్న సన్నాయి అదొక్కటే. కట్టుబాటు నాకు తెలుసు. ఆ పేటవాళ్ళకి అది ఉత్త సన్నాయి. దాని అర్థం తెలిసినవాణ్ణి ఆ పందిట్లో నేనొక్కణ్ణే. పావుగంటే కదా అనుకున్నాను. ఈపాటికి అప్పాజీ రేవులో దిగుంటాడనుకున్నాను. వేశాను. బాగా వినబడాలని వాల్యూము చివరిదాకా తిప్పాను.

వాడు విన్నాడు. ముసురులో ఏమీ కనబడక, ఎటు పోవాలో తెలీక, ఇల్లు పిలుస్తోందని అటు తిప్పాడు.

తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు వాయిస్తారో నీకు తెలుసు. ఏ అపశకునపు మాటా చెవిన పడకుండా. ఆ రోజు పడలేదు. పందిరికి రెండొందల గజాల్లో నావ పగిలి ముగ్గురు అరిచుంటారు. మేం అక్షింతలు వేస్తున్నాం. సాయంత్రం ముసురు విడిచాక చెక్కలు కనబడ్డాయి.

అచ్చాయమ్మ విన్న మాట నీ ఉత్తరంలో చదివి, కాగితం మడిచి వల కింద దాచేశాను. మూడేళ్ళుగా ముసురు పడితే చాలు, నాకు సముద్రంలోంచి వినబడేది ఆ మాటే. "ఎటురా పల్లం? ఎటు?" అని. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. అందుకే మైకు మానేశాను. అందుకే గొట్టం ఇంట్లో ఉంచుకోలేకపోయాను. నీకు అంటగట్టాను.

వాణ్ణి అందరూ తాగుబోతంటుంటే నోరు మూసుకుని విన్నాను. ముగ్గుర్ని చంపడం కంటే అదే పెద్ద తప్పు. నన్నేం చేసినా సరే. ఇక్కడే ఉంటాను.

ప్రియమైన అని రాసే అర్హత లేకపోయినా రాశాను. అలవాటు.

పల్లంరాజు

*

రాజమండ్రి,
14-9-1999

ప్రియమైన పల్లంరాజుకి,

నీ ఉత్తరం చదివిన రోజు నేను ఈ చేతులతో ఏం చేసుంటానో చెప్పలేను, నువ్వు ఎదురుగా లేకపోవడం మంచిదైంది. తిన్నగా హోటల్‌కి వెళ్ళి గొట్టం ఊడబీకాను. నాలుగు అలలు విరిగాయి. భీమరాజుగారు "అదేంటండీ, నెలరోజుల పని!" అంటూ వెంటపడ్డారు. ఏం చెప్పను ఆయనకి? గట్టు దిగి, గోదావరి ఒడ్డున కూర్చుని ఏడ్చాను. అన్నయ్య పోయినప్పుడు ఏడవలేదు నేను. ఆ ఏడుపంతా ఇప్పుడొచ్చింది.

మర్నాడు వదినకి ఉత్తరం చదివి వినిపించాను. తెలియాల్సిన మనిషి ఆవిడ కదా. చేప కోస్తూ వింది. నేను చదవడం ఆపాక కత్తిపీట పక్కకి జరిపి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"అందులో ఒకచోట అబద్ధం రాశాడు జానకీ" అంది.

"ఎక్కడ వదినా?"

"మా నాన్న అడగలేదు. మా నాన్న వీధి చివర మేళగాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు. అడిగింది నేను. ఆ రికార్డు అర్థం తెలిసినవాళ్ళం పందిట్లో ఇద్దరం ఉన్నాం. పల్లం రెండుసార్లు వద్దన్నాడు. 'అప్పాజీ నావ ఇంకా రాలేదు చెల్లెమ్మా, వెయ్యకూడదు' అన్నాడు. 'మీ స్నేహితుడు ఈపాటికి ఒడ్డున కూర్చుని బీడీ కాలుస్తుంటాడు, నా చెల్లెలు మేళం లేకుండా తాళి కట్టించుకోవాలా, వెయ్యి' అని నేనే అరిచాను. ముళ్ళు నేనే దగ్గరుండి వేయించాను."

 ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే? పెళ్ళి మేళమే మూడు ప్రాణాలు తీసిందని ఊరంతా అనుకున్నాక సత్యకుమారిని అత్తింటివాళ్ళు గుమ్మం తొక్కనిస్తారా? అది కాళ్ళపారాణైనా ఆరనిది. మీ అన్నయ్య పోయాడు, ఆయనకి ఇంక మాట పడినా నొప్పుండదు అనుకున్నాను. ఆయన పేరు ఇచ్చి చెల్లెల్ని కాపాడుకున్నాను. తప్పే. రోజూ చేపల తల కోస్తూ అదే అనుకుంటాను. పల్లం నన్ను కాపాడటానికి నోరు మూసుకున్నాడు. నేను దాన్ని కాపాడటానికి."

 తర్వాత ఆవిడే, "దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. నిలబడితే నిలబడుతుంది, లేకపోతే నా దగ్గరికొస్తుంది. పద జానకీ, ఉప్పాడ వెళ్దాం. చిట్టియ్య తల్లికీ ఏసురాజు పెళ్ళానికీ నేను చెప్పాలి. వాళ్ళు కొడితే కొట్టనీ" అంది. మూడేళ్ళలో ఉప్పాడ పేరు ఆవిడ నోట ఇదే మొదటిసారి వినడం.

కాబట్టి ఆదివారం పొద్దున్న బస్సుకి ఇద్దరం వస్తున్నాం. నువ్వు ఎక్కడికీ పారిపోకు. ముగ్గురం కలిసే ఆ రెండిళ్ళకీ వెళ్తాం. తర్వాత సముద్రం దగ్గర అన్నయ్యకి చెయ్యాల్సింది చేస్తాను. ఇంటి పురోహితుడికి ముందే కబురు పెట్టు.

నీ మీద కోపం పోయిందా అంటే, పోలేదు. వదిన మీదా ఉంది. కానీ ఇద్దరి మీదా కోపం చూపించడానికి నాకు హక్కు లేదని ఈ ఉత్తరం రాస్తుంటే తెలిసింది. వదిన ముందు తాను చెప్తానంటోంది. నువ్వు నేను చెప్తానంటావు. ఇద్దరూ కాదు, ముందు నోరు విప్పాల్సింది నేను. ఆ సాయంత్రం, మర్నాటి విందుకని కాకినాడ బస్సు దిగి రేవుకి వచ్చాను, గుర్తుందా? చెక్కలు చూసి జనం ఏమైందో ఎలా అయిందో తెలీక గుంపుగా నిలబడున్నారు. చిట్టియ్య తల్లి నా చెయ్యి పట్టుకుని, "మీ అన్నకి దారి తెలీదా బాబూ, రాళ్ళమీదకి ఎలా తీసుకెళ్ళాడు?" అని అడిగింది.  నువ్వు ఏదో చెప్పబోయి ఒక అడుగు ముందుకి వేశావు కూడా. నీకంటే ముందు నేనే అన్నాను, "తాగుంటాడు, ఇంకేముంది" అని. ఆ ఊళ్ళో ఆ మాట మొట్టమొదట అన్నది నేనేరా.

ఆదివారం కలుద్దాం.

అప్పాజీ తమ్ముడు,
జానకిరామ్